ఎండలో ఆరిన గుడ్డలు

ఆయమ్మ పోయిందన్న కబురు నాకు విజయవాడ బస్టాండులో తెలిసింది. డెబ్భై తొమ్మిది వేసవి. ఉయ్యూరు బస్సు కోసం నుంచుని ఉంటే మా కాలేజీలో గంట కొట్టే పెద్దాయన కనపడ్డాడు. ఈమధ్యే రిటైరయ్యాడట. నన్ను గుర్తుపట్టి, పిల్లలెందరని, ఎక్కడుంటున్నారని అన్నీ అడిగాడు. బస్సు వస్తోందని నేను సంచీ అందుకుంటూ ఉండగా, ఊరికే గుర్తొచ్చినట్టు చెప్పాడు.

‘‘మన వెయిటింగ్ రూము ఆయమ్మ పోయిందండి. మాఘమాసంలో. ఎవరూ లేరు కదండీ ఆవిడకి. అద్దెకున్న ఇంటివాళ్ళు కాలేజీకి కబురు పెడితే నలుగురం వెళ్ళాం. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు.’’

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కంకిపాడు దాటేవరకు నాకు ఏడుపు రాలేదు. ఆ చివరి మాట గుర్తొచ్చాక వచ్చింది. ఆవిడ దయవల్ల పరీక్షలు రాసి, డిగ్రీలు పట్టుకుని వెళ్ళిన ఆడపిల్లలు ఈ జిల్లా అంతటా ఉన్నారు. మైలవరంలో ఉన్నారు, గుడివాడలో ఉన్నారు, కొందరు టీచర్లై ఉంటారు. వాళ్ళలో ఒక్కరికీ ఆవిడ పేరు తెలిసి ఉండదు. పోయిందని తెలిసినా ఎవరూ వెళ్ళి ఉండరు. ఎందుకు వెళ్ళరో నాకు తెలుసు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

విజయవాడలో మా కాలేజీలో మగపిల్లలు వందల్లో ఉండేవాళ్ళు. మేం యాభైమందికి అటూ ఇటూగా ఉండేవాళ్ళం. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆడపిల్లలు వరండాలో నిలబడకూడదు. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చుని, లెక్చరరుగారు వస్తూంటే ఆయన వెనకాలే వరసగా క్లాసులోకి వెళ్ళి, మళ్ళీ వరసగా వచ్చి అదే గదిలో కూర్చోవాలి. రెండు పొడుగు బెంచీలు, పగిలిన అద్దం, కుండ, వెనక ఒక చిన్న బాత్‌రూము. ఆ గది గుమ్మం పక్కన స్టూలు మీద ఆయమ్మ.

పొడుగు మనిషి. ఎముకలు గట్టివి. ముంజేతుల మీద పచ్చబొట్టు చుక్కలు. ముతక నేత చీర మోకాలి కిందికి బిగించి కట్టేది. సముద్రం వైపు మనిషని, నాగాయలంక అవతల ఏదో పల్లె అని అనుకునేవాళ్ళం. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. చిన్నప్పటినుంచీ వలలు బాగుచేసిన చేతులు కాబట్టి సూదీ దారం ఆవిడ చేతిలో చకచకా నడిచేవి. మొగుడి సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నవ్వేది కాదు. ఎవరితోనూ ముచ్చట్లు పెట్టుకునేది కాదు. కొత్తగా చేరిన పిల్లలు ఆవిడని చూసి జంకేవాళ్ళు.

ఆవిడకి కొన్ని వింత అలవాట్లుండేవి. పరీక్షలయ్యాక హాల్లో కింద పడి ఉన్న ప్రశ్నపత్రాలు ఏరుకొచ్చేది. అందులో లెక్కలవి మాత్రమే. మధ్యాహ్నం పూట సుద్దముక్క పుచ్చుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకుని, గచ్చు మీద ఏదో వేసేది, తుడిచేది. ఆయమ్మ బియస్సీకి ప్రైవేటుగా కడుతోందని మేం చెవులు కొరుక్కుని నవ్వుకునేవాళ్ళం. ఇంకొకటి, అప్పుడప్పుడు ఉన్నట్టుండి స్టూలు మీంచి లేచి, వరండాలో వెళ్తున్న ఒక పిల్ల వెనకాల నడవడం మొదలుపెట్టేది. మరీ దగ్గరగా, ఆ పిల్ల జడ తనకి తగిలేంత దగ్గరగా. పక్కకీ ముందుకీ పోకుండా, ఆ పిల్ల ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా. గదిలోకి వచ్చేదాకా అలాగే వచ్చి, తలుపు దగ్గరికి వేసేది. ఆవిడ ఎందుకలా నడుస్తుందో చేరిన కొత్తలో నాకు అర్థం కాలేదు.

కాలేజీ మేడమీద ఒక తాడు కట్టి ఉండేది. దాని మీద ఎప్పుడూ తెల్లటి గుడ్డముక్కలు ఆరుతూ ఉండేవి. బ్లాక్‌బోర్డులు తుడిచే గుడ్డలని అందరూ అనుకునేవాళ్ళు. ఆఫీసువాళ్ళు అడిగితే తుడుచుకునే గుడ్డలని ఆవిడ చెప్పేది. లెక్చరర్ల ఇళ్ళకి వెళ్ళి, మెత్తబడిపోయిన పాత పంచెలుంటే ఇమ్మని అడిగి తెచ్చుకునేది. షెడ్డు వెనక ఇటుకల పొయ్యి మీద సోడా వేసి ఉడకబెట్టేది. మడతలు మడతలుగా వేసి చుట్టూ కుట్టేది, రెండు కొసలకీ నాడాలు వేసేది. గదిలో చెక్కబీరువా కింది అరలో పేర్చేది. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. అడగక్కర్లేదు, తిరిగి ఇవ్వక్కర్లేదు.

ఆ రోజుల్లో మందుల షాపుల్లో ప్యాకెట్లు దొరికేవి కానీ, అవి కొనేవాళ్ళు డాక్టర్ల కూతుళ్ళో, లాయర్ల కూతుళ్ళో. మాలాంటి పల్లెటూరి పిల్లలు నెలకి మూడు రోజులు కాలేజీ మానేసేవాళ్ళం. మా ఇంట్లో పాత చీర ముక్కలు పశువుల కొట్టంలో, గోనెపట్టా కింద ఆరేసేవాళ్ళం, మా నాన్నగారి కంటా పాలేరు కంటా పడకుండా. డెల్టా ఊళ్ళలో వానాకాలం అవి మూడు రోజులకి కూడా ఆరేవి కావు. తడి వాసనతోనే మళ్ళీ కట్టుకునేవాళ్ళం. ఒరుసుకుపోయి నడవలేకపోయినా అమ్మకి చెప్పేవాళ్ళం కాదు. అమ్మ అడిగేదీ కాదు.

మొదటి సంవత్సరం మార్చిలో జువాలజీ ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరుగారు వచ్చారు. కప్పని ట్రేలో పరిచి, గుండుసూదులు గుచ్చి, నేను పని మొదలుపెట్టిన అరగంటకి కడుపులో మెలిపెట్టింది. ఇంకా ఆరు రోజులుందని లెక్కేసుకున్నాను. లెక్క తప్పింది. ఆ రోజు కట్టుకున్నది లేత పసుపు లంగా. చేతిలో పని ఆపి స్టూలు మీద కూలబడ్డాను. నా చుట్టూ పదిహేనుమంది మగపిల్లలు. ఎగ్జామినరుగారు ఒక్కొక్క బల్ల దగ్గరికి వచ్చి, లేచి నుంచోమని, ప్రశ్నలు అడుగుతున్నారు. నాకూ ఆయనకీ మధ్య మూడు బల్లలున్నాయి. పరీక్ష పోతే పోయింది, లేవకూడదనుకున్నాను. చదువు మానేయాలని కూడా ఆ కాసేపట్లో నిశ్చయం చేసుకున్నాను. పొద్దున్నే లేచి అన్నం కట్టుకుని, చెరుకు లారీల వెనక ఆగి ఆగి వచ్చే బస్సులో రోజూ వస్తూ సంపాదించుకున్న చదువు అది. అయినా లేవడం కంటే మానేయడమే తేలికనిపించింది.

అప్పుడు ఆయమ్మ లాబ్‌లోకి వచ్చింది. చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. ట్రేల్లో నీళ్ళు పోయడం ఆవిడ పని కాదు. అయినా ఒక్కొక్క ట్రేలో కాసిని నీళ్ళు పోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వచ్చి, కాలు తట్టుకున్నట్టు తూలి, జగ్గులో మిగిలిన నీళ్ళన్నీ నా ఒళ్ళో కుమ్మరించింది. నడుం నుంచి పాదాల దాకా తడిసిపోయాను. స్టూలు, గచ్చు, అన్నీ నీళ్ళు.

ఎగ్జామినరుగారు మండిపడ్డారు. కళ్ళు కనపడవా అని, ఇలాంటివాళ్ళని పరీక్ష హాల్లోకి ఎవరు రానిచ్చారని, అందరి ముందూ ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. మగపిల్లలు నవ్వారు. ఆవిడ తలొంచుకుని అన్నీ పడింది. ఆయన ఆగాక, అమ్మాయిని బట్టలు పిండుకుని రానివ్వమని మెల్లిగా అడిగింది. ఆయన చిరాగ్గా చెయ్యి ఊపారు. నేను లేచాను. నా వెనకాల ఆవిడ, నా జడ తనకి తగిలేంత దగ్గరగా.

గదిలోకి రాగానే తలుపు వేసి, ‘‘ముందు కూర్చో’’ అంది. బీరువాలోంచి ఒక గుడ్డ తీసి ఇచ్చి, ఎండలో ఆరినదేనని, భయపడొద్దని చెప్పింది. ముడి ఎలా వెయ్యాలో తన చీర కొంగు మీద వేసి చూపించింది. అది వలలకి వేసే ముడట, ఎంత నడిచినా జారదట. బాత్‌రూములోంచి నేను వచ్చాక, తడి లంగా వైపు చూసుకుంటూ, నలుగురూ చూస్తారేమోనని నసిగాను.

‘‘తడిసిందంటారు. అంతే అంటారు’’ అంది.

నాకు ఇలా అయిందని ఎలా తెలిసిందని అడిగాను. ప్రాక్టికల్స్ ఉన్న రోజు లాబ్ కిటికీల పక్కనుంచి రెండు మూడుసార్లు వెళ్తుందట. పరీక్షకి భయపడ్డ పిల్ల కూర్చునే తీరు వేరట, ఇది వేరట. తిరిగి పరీక్షకి పొమ్మని తలుపు తీస్తూ ఇంకో మాట చెప్పింది.

‘‘బయట కనపడితే నన్ను పలకరించక్కర్లేదు. నేనూ పలకరించను.’’

ఆ మాట వినగానే నాకెంత హాయి అనిపించిందో చెప్పలేను. ఆ పరీక్ష పాసయ్యాను. ఆ మాట రెండేళ్ళు అక్షరాలా పాటించాను.

నేనే కాదు, అందరం అంతే. ఆవిడ చేతి గుడ్డ తీసుకున్న పిల్ల మర్నాటి నుంచి ఆవిడ కళ్ళలోకి చూసేది కాదు. గదిలోకి వస్తూ పోతూ గోడవైపు చూసేది. ఆవిడ మా రహస్యం తెలిసిన మనిషి. ఆవిణ్ణి చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది, గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది. అందుకని యాభైమంది పిల్లల మధ్య, రోజంతా ఆ గుమ్మంలో ఆవిడ ఒక్కతే కూర్చునేది. పిల్లల పెళ్ళిళ్ళు కుదిరేవి. శుభలేఖలు బెంచీల మీద చేతులు మారేవి. గంట కొట్టే పెద్దాయనకి కూడా ఒకటి అందేది. ఆవిడకి ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు.

ఒకసారి మా అమ్మ నన్ను తీసుకుని బట్టలు కొనడానికి విజయవాడ వచ్చింది. బస్టాండులో మేం సోడా తాగుతూంటే, ఎదురుగా ఆయమ్మ పాత పంచెల మూట చంకన పెట్టుకుని వస్తోంది. నన్ను చూసింది. పక్కన అమ్మని చూసింది. వెంటనే మొహం తిప్పేసి, బస్సుల బోర్డుల వైపు చూస్తూ అవతల పక్కనుంచి వెళ్ళిపోయింది. ‘హమ్మయ్య’ అనుకున్నాను. ఆ అనుకోవడం నాకిప్పటికీ గుర్తుంది.

మూడో సంవత్సరంలో నన్ను లేడీస్ రిప్రజెంటేటివుగా ఎన్నుకున్నారు. దసరా సెలవులయ్యాక ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలుస్తున్నారని కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆయన, ఆఫీసు సూపరింటెండెంటుగారు, ఇంకా ఇద్దరు లెక్చరర్లు కూర్చుని ఉన్నారు. గోడ పక్కన ఆయమ్మ నిలబడి ఉంది.

జరిగిందేమిటంటే, సూపరింటెండెంటుగారు మా కాలేజీకి కొత్తగా వచ్చారు. నీళ్ళ ట్యాంకు కారుతోందని మేడెక్కితే తాడు మీద గుడ్డలు కనపడ్డాయి. నాడాలున్న డస్టర్లు ఆయన ఎక్కడా చూసి ఉండరు. ఇవేమిటని అడిగారు. ఎప్పుడూ తుడుచుకునే గుడ్డలనే ఆవిడ, ఆ రోజు ఎందుకో నిజం చెప్పింది. ఆడపిల్లలకండి, అంది. సరస్వతి ఉన్నచోట, రోడ్డుకి ఎదురుగా, అందరి నెత్తిన ఇలాంటివి ఆరేస్తారా అని ఆయన గొడవకి దిగారు.

ప్రిన్సిపాల్‌గారు మంచివారు. పాపం ఆయన తలెత్తలేకపోతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ‘‘ఏమ్మా, ఈవిడ ఏవో కుట్టి పెడుతోందట. మీలో ఎవరికైనా... అవసరం ఉందా?’’ అన్నారు.

నలుగురు మగవాళ్ళు. నాకు బల్ల మీద పేపర్‌వెయిట్ ఒక్కటే కనపడుతోంది. అందులో ఎర్రటి పువ్వుంది.

‘‘తెలియదండీ’’ అన్నాను.

నేను ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ గొంతు మాత్రం వినపడింది.

‘‘ఎవరూ అడగలేదండి. ఎవరూ తీసుకోలేదు. నేనే కుట్టి పెట్టాను.’’

ఆ రోజే ఆవిణ్ణి వెయిటింగ్ రూములోంచి తీసి, కెమిస్ట్రీ లాబ్ వెనక సీసాలు కడిగే పనికి వేశారు. గుడ్డలన్నీ తగలబెట్టమన్నారు. తనే తగలబెడతానని ఆవిడ చెప్పి, మూట కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిందట. గుమ్మంలో స్టూలు ఖాళీగా ఉండేది. నేను దాని పక్కనుంచే రోజూ గదిలోకి వెళ్ళేదాన్ని.

ఆ తర్వాతి రెండు నెలల్లో, మైలవరం వైపు నుంచి వచ్చే ఒక జూనియరు పిల్ల కాలేజీకి రాని రోజులు ఎక్కువయ్యాయి. హాజరు చాలదన్నారు. పరీక్షకి పంపరేమోనని బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ, ఆయమ్మ ఉంటే వచ్చేదాన్నక్కా అంది. నేను చేసిన పని ఆ పిల్లకి తెలియదు. తెలియక అంది. ఆవిడ ఇల్లెక్కడో గంట కొట్టే పెద్దాయన్ని అడిగి, ఆ ఆదివారం మా ఇంట్లోవాళ్ళకి స్పెషల్ క్లాసుందని అబద్ధం చెప్పి బయల్దేరాను.

కృష్ణలంకలో, కరకట్ట పక్కన, పెంకుటింటి వెనక వైపు ఒకే ఒక గది ఆవిడది. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. చాప వేసి, ‘‘ముందు కూర్చో’’ అంది. గోడ మీద అటక బల్ల ఉంది. దాని మీద కాలేజీ నుంచి తెచ్చిన గుడ్డలు, ఒక్కటీ తగలబడకుండా, పాత చీర కప్పి పేర్చి ఉన్నాయి. ఒక మూల లెక్కల ప్రశ్నపత్రాల కట్ట. టీ పెట్టి ఇచ్చింది. గదిలో ఒక్కటే గ్లాసు ఉంది. నేను తాగేదాకా ఆగి, కడిగి, తను పోసుకుంది.

తప్పు చేశానన్నాను. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

‘‘నువ్వు తెలియదన్నావు. నేను ఎవరూ తీసుకోలేదన్నాను. ఇద్దరం అబద్ధమే ఆడాం’’ అంది. గ్లాసు కేసి చూస్తూ చెప్పింది. ‘‘నేనూ బడికెళ్ళాను. ఎనిమిది దాకా. లెక్కల్లో నేనే ఫస్టు. ఒకరోజు బెంచీ మీంచి లేచాను. పిల్లలు చూశారు. మేష్టారు ఇంటికి పొమ్మన్నారు. పోయాను. మళ్ళీ వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళొద్దనలేదు. నేనే వెళ్ళలేదు.’’

అంతకంటే తన గురించి ఆవిడ నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఈ గదికి కాలేజీ పిల్లలెవరైనా వస్తూంటారా అని అడిగాను. ఎనిమిదేళ్ళలో నువ్వే మొదటిదానివి, అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ‘‘వస్తారని నేను ఎదురుచూళ్ళేదులే. నన్ను చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది. ఎవరికి మాత్రం బావుంటుంది?’’

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఆయమ్మని మళ్ళీ మా గదికే వెయ్యమని ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం మనసులో రాసుకున్నాను. మర్నాడు గదిలో ఆడపిల్లలందరినీ అడిగాను, కలిసి సంతకాలు పెడదామని. కొందరు పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. కొందరు నీకేం పిచ్చా అన్నారు. ఏడుస్తూ కూర్చున్న ఆ మైలవరం పిల్ల కూడా, నాన్నకి తెలిస్తే చంపేస్తాడక్కా అంది. నేను ఎవరినీ ఏమీ అనలేకపోయాను. ప్రిన్సిపాల్‌గారి గదిలో వాళ్ళ కంటే ముందు నేను అదే పని చేశాను కదా.

ఒక్కదాన్నే రాశాను. మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో నేను బహిష్టయ్యానని, ఆయమ్మ నా మీద నీళ్ళు పోసి నా పరువు కాపాడిందని, ఆవిడ ఇచ్చిన గుడ్డ కట్టుకునే పరీక్ష పూర్తి చేశానని, ఆ రోజు మీ ముందు తెలియదని నేనన్నది అబద్ధమని రాశాను. బహిష్టు అనే మాట రాయడానికి చాలాసేపు పట్టింది. అంతకు ముందు ఆ మాటని నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. కింద నా పూర్తి పేరు, రోల్ నంబరు వేసి, తీసుకెళ్ళి ప్రిన్సిపాల్‌గారి చేతికే ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. మడిచి, ఫైల్లో పెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. వెళ్ళమ్మా, అన్నారు.

వారం రోజులు ఏమీ జరగలేదు. ఆ తర్వాత సోమవారం నేను వచ్చేసరికి గుమ్మంలో స్టూలు మీద ఆయమ్మ కూర్చుని ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, నోటీసేమీ పెట్టలేదు. మేడ మీద మాత్రం, రోడ్డుకి కనపడకుండా మూడువైపులా వెదురుతడికలు కట్టించారు. పైన ఏమీ కప్పలేదు. ఎండ పడుతుంది. ఆఫీసు పుస్తకాల్లో అది ట్యాంకు మరమ్మతుగా రాశారని తర్వాత గంట కొట్టే పెద్దాయన చెప్పాడు. మైలవరం పిల్ల పరీక్ష రాసింది.

ఉత్తరం సంగతి ఎలాగో బయటికి పొక్కింది. ఒకరోజు మేం క్లాసులోకి వెళ్ళేసరికి బ్లాక్‌బోర్డు మీద నా రోల్ నంబరు, దాని పక్కన ఒక రోత మాట. లెక్చరరుగారు చూడనట్టే తుడిచేశారు. ఆ సాయంత్రం నుంచి గదిలో నా బెంచీ మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కోపం కాదు. నన్ను చూస్తే వాళ్ళకి ఇబ్బంది. మిగిలిన నాలుగు నెలలూ అంతే. నేను అన్నం డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర, ఆయమ్మ స్టూలు పక్కన గచ్చు మీద కూర్చుని తినేదాన్ని. ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. నాకూ మాటలు అక్కర్లేకపోయాయి. ఒక్కరోజు మాత్రం ఒక ప్రశ్నపత్రం ముందుకు తోసి, ఆరో లెక్క ఎలా చెయ్యాలో చెప్పమంది. నాది జువాలజీ అని, నాకు రాదని చెప్పాను. డిగ్రీ చదువుతూ ఇది రాదా అని ఆవిడ నవ్వింది. నేను చూసిన నవ్వు అదొక్కటే. పై వరసలో ఒక పన్ను లేదు.

మరుసటి ఏడు వేసవిలో నా పెళ్ళి కుదిరింది. శుభలేఖ తీసుకుని కృష్ణలంక వెళ్ళాను. కవరు మీద రాయడానికి కలం తీశాక తెలిసింది, ఆవిడ పేరు నాకు తెలియదని. అడిగాను. చెప్పింది. రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను. తన సంగతి నలుగురి నోళ్ళలో పడడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. శుభలేఖ తీసి, వేలు పెట్టి, ముహూర్తం దగ్గర్నుంచి మా తాతల పేర్ల దాకా అంతా పైకి చదివింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

పెళ్ళి మా ఊళ్ళోనే, పగటి ముహూర్తం. నేను పీటల మీద కూర్చున్నాక, పందిరి అంచున ఆవిడ కనపడింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. రెండు బస్సులు మారి, పిల్లకాలవ గట్టు వెంట నడిచి వచ్చి ఉంటుంది. పందిట్లో ఒక పక్కన మా కాలేజీ పిల్లలు ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూడగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఒకమ్మాయి విసనకర్ర తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ అది చూసింది. నాకేసి ఒక్కసారి చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

నేను లేవడానికి లేదు. చేతుల నిండా కొబ్బరిబోండాం ఉంది. పక్కనున్న అమ్మని మోచేత్తో పొడిచి, అదుగో ఆవిడ వెళ్ళిపోతోంది, పిలుచుకురా అన్నాను. ఎవరని అమ్మ అడిగింది. పిలుచుకురా అమ్మా, అన్నాను మళ్ళీ. నా గొంతులో ఏం వినపడిందో, అమ్మ ఇంకేం అడక్కుండా పందిరి దాటి వెళ్ళింది.

తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నాను. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుందట. అమ్మాయికి ఏమవుతారమ్మా అని అడిగిందట. ఏమీ కానండి, అందట ఆవిడ. ఏమీ కానివాళ్ళు ఇంత ఎండలో రారు, భోంచేసి వెళ్ళాలి అని అమ్మ తీసుకొచ్చి బంతిలో ఒక చివర కూర్చోబెట్టి, పక్కనున్నవాళ్ళకి చూడమని చెప్పి, వియ్యాలవారు పిలిస్తే అటు వెళ్ళిపోయిందట. ఆవిడ తలొంచుకుని, మారు అడక్కుండా, వడ్డించింది తిని లేచిందట. వెళ్ళేటప్పుడు అమ్మని వెతుక్కుంటూ వచ్చి, ‘‘మీ అమ్మాయి నాకోసం సంతకం పెట్టిందండి’’ అని చెప్పి వెళ్ళిపోయిందట.

అదే నేను ఆవిణ్ణి ఆఖరిసారి చూడడం. మావారి ఉద్యోగం వల్ల వేరే ఊళ్ళు వెళ్ళిపోయాను. ఒకటి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

పెళ్ళిరోజు సాయంత్రం, నన్ను సాగనంపడానికి పెట్టె సర్దుతూ, ఏమిటే ఆ సంతకం అని అమ్మ అడిగింది. తలుపు దగ్గరికి వేసి చెప్పాను. లాబూ, నీళ్ళ జగ్గూ, ఎండలో ఆరిన గుడ్డలూ, నలుగురి ముందు నేను తెలియదనడం, తర్వాత రాసిన ఉత్తరం, అంతా చెప్పాను. పధ్నాలుగో ఏట మొదలైనప్పటి నుంచీ ఆ విషయం గురించి మా అమ్మతో నేను మాట్లాడడం అదే మొదలు.

అమ్మ మడతపెడుతున్న చీర ఒళ్ళో అలాగే ఉండిపోయింది.

‘‘ముందే చెప్తే, నేనే దగ్గర కూర్చుని వడ్డించేదాన్ని కదే’’ అంది.